వినే ఆకు

బండ మీద నలుగురు నిలబడవచ్చు గానీ ఆ పొద్దు ఇద్దరే నిలబడ్డారు. ముందు యశోద, ఆమె వెనక పుల్లమ్మ. తూర్పు ఇంకా తెల్లబడలేదు. చెట్ల మొదళ్లు కూర్చున్న మనుషుల్లా కనిపించే వేళ. ఇద్దరి చంకల్లోనూ ఖాళీ గంపలు. మాటా పలుకూ లేదు. ఇప్పపువ్వు కోసం బండ ఎక్కాక నోరు విప్పకూడదన్నది ఆ ఊరి ఆడవాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన కట్టుబాటు.

ఇప్పపువ్వును కోయరు. కొమ్మ పట్టి ఊపరు. చెట్టు దించాలి, మనిషి ఏరుకోవాలి. ఎప్పుడు దించుతుందో దాని ఇష్టం. ఒకటి కోడి కూతకే మొదలుపెడితే, పక్కనే ఉన్నది పొద్దు బారెడెక్కేదాకా బిగబట్టుకొని కూర్చుంటుంది. అందుకని ముందురోజు సాయంత్రమే చెట్టు కింద నున్నగా ఊడ్చి, ఒక్కచోట మాత్రం చేటంత మేర ఎండు టేకాకులు పరిచిపెడతారు. దాన్ని వినే ఆకు అంటారు. మట్టి మీద పడ్డ పువ్వు చప్పుడు చేయదు. టేకాకు మీద పడితే ‘తప్’మంటుంది. ఆ ‘తప్’ బండ మీద ఎవరికి ముందు వినబడితే వాళ్లు ‘దిగింది’ అని చేయి చూపిస్తారు. అప్పుడు అందరూ కదులుతారు. జింక కంటే ముందు, గొడ్డు కంటే ముందు, ముఖ్యంగా ఎలుగుబంటి కంటే ముందు చేరాలి.

ఆరేళ్ల కిందటి దాకా ఆ ‘దిగింది’ పుల్లమ్మ నోట్లోంచే వచ్చేది. మెదడుజ్వరం ఆమె రెండు చెవులనూ తీసుకుపోయాక ఆ మాట తోటికోడలు యశోదకు దక్కింది. పుల్లమ్మ ఇంటి చెట్లు రెండూ వాగు అవతల, ఎలుగు నడిచే దారిలో ఉన్నాయి. చెవులు లేని మనిషి వాగు దాటొద్దన్నారు పెద్దలు. వాళ్లన్న దాంట్లో తప్పు పట్టడానికి లేదు. ఆరేళ్లుగా ఆ చెట్ల కింద చీపురు పడలేదు. ఆ పువ్వు అడివిదే అయిపోయింది. పుల్లమ్మ రోజూ యశోద మడమలు చూసుకుంటూ నడిచి, యశోద చెట్ల కింద ఏరుతోంది. యశోద మంచిది. తన గంపలోంచి రెండు దోసిళ్లు ఎక్కువే పోస్తుంది. అదే పుల్లమ్మకు మింగుడుపడదు.

ఇప్పుడు పుల్లమ్మ నడుముకు ఒక డబ్బా ఉంది. అగ్గిపెట్టెకు అన్న, సబ్బుపెట్టెకు తమ్ముడు. దాన్నుంచి సన్నటి తీగ వీపు మీదుగా పాకి చెవి వెనక్కి పోతుంది. అక్కడ రూపాయి బిళ్లంత బిళ్ల ఒకటి తలకు కరుచుకొని ఉంటుంది. తోలు కింద దానికి జోడు బిళ్ల ఉంది, అయస్కాంతం పట్టి లాగుతుంది. లోపలి బిళ్లను పోయిన వానాకాలం హైదరాబాద్‌లో కోసి పెట్టారు. ఇట్లాంటి మిషన్‌ను పేదవాళ్లకు అందే ధరలో తయారుచేయాలని ఒక చిన్న కంపెనీ పని మొదలుపెట్టింది. వాళ్ల చేతుల్లోంచి వచ్చిన మొట్టమొదటి నాలుగు డబ్బాల్లో మూడోది పుల్లమ్మది. రెండు నెలల కిందట ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పారు. ఇది పరీక్ష. రోజుకు ఎనిమిది గంటలు తగ్గకుండా పెట్టుకోవాలి. ఎప్పుడు పెట్టావో ఎప్పుడు తీశావో డబ్బాయే రాసుకుంటుంది. సరిగ్గా వాడకపోతే తీసుకొని, తల్లోపల బిళ్ల పెట్టించుకొని డబ్బా కోసం ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఇస్తాం.

డబ్బా మాటను బాగానే పట్టింది. మొదటి వారమంతా రేకు మీద జొన్నలు పోసినట్టు గరగర. మూడో వారానికి ఆ గరగరను తోసుకుంటూ మొగుడు ముసలయ్య దగ్గు బయటికొచ్చింది. దాని వెనకే ‘ఏమే’ అన్న పిలుపు. చండ్రుగొండ సంతలో ఉల్లిగడ్డలవాడితో పుల్లమ్మ మాటకు మాట బేరమాడితే, ముసలయ్య పక్కన నిలబడి నవ్వాడు. ఆరేళ్ల తర్వాత పెళ్లాం తిట్లకు జవాబు చెప్పవలసి రావడం కూడా ఆయనకు పండగలాగే ఉంది.

బండ మీద మాత్రం డబ్బా చచ్చిపోయేది. బండ ఎక్కిన మొదటి పొద్దున పుల్లమ్మ ఊపిరి బిగబట్టి చెవొగ్గింది. ఏమీ లేదు. గాలి లేదు, పురుగు లేదు, ఆకు లేదు. యశోద ‘దిగింది’ అన్నప్పుడు ఆ మాట గంట కొట్టినట్టు వినబడింది. ఆ తర్వాత మళ్లీ దూది కుక్కినట్టు. మూడు పొద్దులు అట్లాగే గడిచాయి. నాలుగో పొద్దు కోపమొచ్చి మీట నొక్కి ఆపేసింది. ఆపినందుకు మనసొప్పక మళ్లీ నొక్కింది.

అప్పుడు వచ్చింది అడివి.

కీచురాళ్లు, టేకాకుల మీద గాలి, ఎక్కడో వాగు నీళ్లు, తన కొంగు గంపకు రాసుకునే గరుకు, అన్నీ ఒక్కసారిగా తల్లోకి తోసుకొచ్చాయి. అయిదు ఊపిర్లు పీల్చేసరికి ఎవరో మెల్లగా తలుపు మూసినట్టు మళ్లీ దూది.

ఆ పొద్దు నుంచి ఆమె బొటనవేలికి వేరే పని లేదు. నొక్కుతుంది, ఆపుతుంది. నొక్కుతుంది, అయిదు ఊపిర్లు వింటుంది, తలుపు మూసుకోగానే ఆపుతుంది. ఈ గుట్టు ఎవరికీ చెప్పలేదు. మీటతో ఆడొద్దని వాళ్లిచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ కొట్టివేత గీత గీశారు. ఒకవేళ డబ్బా జబ్బు చేసి అట్లా తలుపు తెరుస్తోందేమో! చెప్తే బాగుచేస్తారు. బాగుచేస్తే ఆ అయిదు ఊపిర్లు కూడా పోతాయి.

బండ మీద ఇద్దరే నిలబడ్డ ఈ పొద్దు కూడా, పదహారోసారి నొక్కినప్పుడు, మూడో ఊపిరికి, తప్. పుల్లమ్మ నోరు తెరిచింది. ఏ చెట్టు? తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. తలుపు మూసుకుంది.

“దిగింది,” అంది యశోద కుడివైపు చేయి చూపిస్తూ. పువ్వు ఏరుతున్నప్పుడు, వంగినదల్లా తలెత్తి అడిగింది. “ఏందక్కా, దాన్ని గట్ల నొక్కుతనే ఉన్నవు? చెడిపోతే రేపు ఖమ్మంల సారు ఊకుంటడా?”

“ఏం గాదు,” అంది పుల్లమ్మ. ఆమె పెదవుల మీద నవ్వు ఆగడం లేదు. యశోద దాన్ని చూసి, జ్వరం గాని మళ్లీ తగిలిందా అన్నట్టు నుదుటి మీద చేయి వేసింది.

మర్నాడు ఏన్కూరు మీదుగా పోయే బస్సెక్కి మొగుడూ పెళ్లాలు ఖమ్మం వెళ్లారు. ఆసుపత్రిలో, చప్పుడు చొరకుండా మెత్తటి గోడలున్న చిన్న గదిలో భాస్కర్ సారు ఉన్నాడు. చెవుల పరీక్ష ఆయనే చేస్తాడు. చెడ్డవాడు కాదు గానీ, రాయవలసిన కాగితాలు మనిషి కంటే ముందు కనిపిస్తాయి ఆయనకు. మూలన కుర్చీలో ఒక కొత్తమ్మాయి కంప్యూటర్ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పేరు సాయిప్రియ. సత్తుపల్లి వైపు రైతుల పిల్ల, డబ్బా లోపల నడిచే ప్రోగ్రాం రాసే ఇంజనీరు. తను రాసింది మనిషి తల్లో ఎట్లా పనిచేస్తోందో చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చింది.

భాస్కర్ కాగితం మీద గీతలున్న గళ్లు. “ఇంట్ల మాటలు?”

“ఇనబడ్తన్నయ్ సారు.”

“బస్సుల?”

“కండక్టరు తిట్టింది సుత ఇనబడ్డది.”

“ఫోన్ల?”

“కొద్దిగ.”

“టీవీ?”

“కరెంటున్నప్పుడు.”

సాయిప్రియ నవ్వింది. భాస్కర్ నవ్వలేదు. కాగితం పక్కన పెట్టి, డబ్బాకు తీగ తగిలించి, కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పాడు. డబ్బా పెట్టుకున్న గంటలన్నీ తెర మీద నీలిరంగు పట్టీలు. పొద్దున మాత్రం పట్టీ లేదు, చీమలబారులాగా చుక్కలు.

“ఇదేంది పుల్లమ్మా? రోజు పొద్దుగాల అయిదింటి నుంచి ఏడింటి దాకా ఆపుడు, పెట్టుడు. నిన్న ఒక్క పొద్దే నూట ఇరవై సార్లు. లైటు స్విచ్ అనుకున్నవా?”

పుల్లమ్మ చుక్కల వైపు చూసింది. తన బొటనవేలు చేసిన పని అంతా అక్కడ బారు తీరి ఉంది. డబ్బా నిజంగానే రాసుకుందన్నమాట.

“నువ్వు గాని ఆడుతున్నవా ముసలయ్యా?”

“దాని మీద చెయ్యేస్తే నా చెయ్యి ఇరగ్గొడ్తది సారు,” అన్నాడు ముసలయ్య. తర్వాత పెళ్లాం వైపు తిరిగి మెల్లగా, “చెప్పరాదే, ఏం జేసినవో,” అన్నాడు.

పుల్లమ్మ భాస్కర్ పక్కన పెట్టిన కాగితం వైపు చూసింది. ఏ గడిలో చెప్పాలి? ఇల్లు, బస్సు, ఫోను, టీవీ. బండకు గడి లేదు ఆ కాగితంలో.

“చూడు, నాకు నీ మీద కోపం లేదు,” అన్నాడు భాస్కర్. “కానీ రూల్ రూలే. సరిగ వాడెటోళ్లకే ఇయ్యాలె. వెనక లైన్ల ముగ్గురున్నరు. డబ్బా ఈడ పెట్టిపో. పెద్దసార్లతోటి మాట్లాడి చెప్త.”

పుల్లమ్మ చేయి దానంతటదే నడుము మీదికి వెళ్లి డబ్బాను కప్పుకుంది. కోడి పిల్లను రెక్క కింద పెట్టుకున్నట్టు.

“సార్, ఒక్క నిమిషం,” అంది సాయిప్రియ. కుర్చీ ముందుకు జరుపుకొని తెర మీది చుక్కలను పెద్దవి చేసింది. ఒక్కో చుక్క చిన్న గీతగా సాగింది. ఆ గీతలను వేలితో ఒక్కొక్కటే తడుముతూ పోయింది. “ఆట ఆడేవాళ్లు ఇలా ఆడరు సార్. చూడండి, ఆన్ చేసిన ప్రతిసారీ తొమ్మిది సెకన్లు. తొమ్మిది, తొమ్మిది, పది, తొమ్మిది. నూట ఇరవై సార్లూ అంతే.” ఆమె గొంతు మారింది. తెర వదిలి పుల్లమ్మ ముఖంలోకి చూసింది. “పుల్లమ్మగారూ, తొమ్మిది సెకన్ల తర్వాత ఏమవుతుంది?”

ఇన్నాళ్లలో ఆ గదిలో ఎవరూ అడగని మాట అది.

“సచ్చిపోతది,” అంది పుల్లమ్మ.

“ఏది?”

“అడివి.”

భాస్కర్ ముసలయ్య వైపు చూశాడు. ముసలయ్య పైకప్పు వైపు చూశాడు. సాయిప్రియ మాత్రం కుర్చీలోంచి సగం లేచింది.

“ఎట్ల చెప్పాలె నాకు తెల్వది బిడ్డా,” అంది పుల్లమ్మ. “రేపు పొద్దుగాల మా బండ కాడికి రా. ఆడికొచ్చి ఇని, తీస్కపోవాలంటే తీస్కపో. నేనే ఇప్పి ఇస్త.”

మర్నాడు తూర్పు తెల్లబడకముందే కారు మట్టిదారి చివర ఆగింది. భాస్కర్ ఆవులిస్తూ దిగాడు. చంకలో కాగితాల అట్ట. సాయిప్రియ భుజానికి సంచీ, చేతిలో చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. యశోద ఆమె కాళ్ల వైపు చూసి, చెప్పులు విప్పి చేత పట్టుకోమని సైగ చేసింది.

“అక్కడ మాట్లాడొద్దు మేడం,” అంది. “దగ్గొచ్చినా మింగాలె.”

“ఎంతసేపు?” అన్నాడు భాస్కర్.

“చెట్టునడగాలె సారు.”

బండ మీద నలుగురూ నిలబడ్డారు. సాయిప్రియ కంప్యూటర్‌కు పుల్లమ్మ డబ్బాను సన్నటి తీగతో కలిపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. డబ్బా పుల్లమ్మ తల్లోకి ఏం పంపుతోందో అదే ఆమెకూ వినబడుతుంది. పుల్లమ్మను మీట ముట్టొద్దని చేత్తో ఆపింది. కాసేపు విని, పర్వాలేదు, ఎంత ప్రశాంతంగా ఉందో అన్నట్టు తల ఊపింది.

“దిగింది,” అంది యశోద. ఎడమవైపు చెట్టు.

సాయిప్రియ ఉలిక్కిపడింది. ఏది దిగింది? ఆమె చెవుల్లో యశోద మాట తప్ప ఇంకేమీ లేదు. హెడ్‌ఫోన్లు మెల్లగా కిందికి లాగింది. తప్. కాస్త ఆగి, తప్, తప్. మళ్లీ పెట్టుకుంది. శూన్యం. మళ్లీ లాగింది. తప్. అట్లా నాలుగుసార్లు చేసింది. అయిదోసారి పుల్లమ్మ నడుము వైపు చూపించి, నొక్కమని వేలు ఆడించింది.

పుల్లమ్మ ఆపి, నొక్కింది.

ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. ఒక చేత్తో హెడ్‌ఫోన్లను తలకు అదుముకొని, రెండో చేతి గడియారం చూస్తూ నిలబడింది. పుల్లమ్మ ఆ ముఖాన్నే చూస్తోంది. అయిదో ఊపిరికి, సరిగ్గా తన తల్లో తలుపు మూసుకున్న క్షణానే, ఆ పిల్ల ముఖంలోనూ తలుపు మూసుకుంది.

ఆరేళ్లలో మొదటిసారి, తనకు వినబడనిది ఇంకొకరికీ వినబడలేదు. పుల్లమ్మకు ఆమెను కావలించుకోవాలనిపించింది.

“ఇది నేను రాసిందే!” అంది సాయిప్రియ పైకే.

“ష్,” అంది యశోద. “బండ దిగి మాట్లాడుకోండ్రి.”

బండ దిగి, దాని మొదట్లో కూర్చున్నారు. సాయిప్రియ చేతులు కంప్యూటర్ మీద ఒక్కచోట నిలవడం లేదు. “గోల తీసేయాలని ఏడాది కూర్చుని రాశాను పుల్లమ్మగారూ. బస్సు రొద, ఫ్యాను చప్పుడు, సంతలో గోల... ఇవన్నీ మాటకు అడ్డం కదా. మిషన్ తొమ్మిది సెకన్లు విని, ఏది గోలో తెలుసుకొని, దాన్ని అణిచేస్తుంది.”

“ఏది గోల బిడ్డా?”

“మాట కానిదంతా,” అంది సాయిప్రియ. అన్నాక ఆగిపోయింది.

పుల్లమ్మ వాగు వైపు చూసింది. “గట్లయితే మాకాడ పొద్దుగాల అంత గోలనేనాయె.”

భాస్కర్ అట్ట మీద వేళ్లు ఆడిస్తూ, “మరి రెండు నెలల నుంచి ఒక్క మాట చెప్పకపోతివి పుల్లమ్మా?” అన్నాడు.

“నువ్వు టీవీ అడిగినవ్ సారు.”



డబ్బా పక్కన మూడు గుర్తుల మధ్య తిప్పే చిన్న మర ఉంది. ఒకటి ఇంటికి, రెండోది సంతకు. మూడోది తర్వాత చూద్దామని ఖాళీగా వదిలిపెట్టారు. సాయిప్రియ రాయి మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. ఒళ్లో కంప్యూటర్, జుట్టులో రాలిన ఎండాకు. వేళ్లు వానచినుకుల్లా పడుతున్నాయి. ఒక్కోసారి ఆగి, పెదవి కొరుక్కొని, నాలుగు వరసలు చెరిపేసి మళ్లీ రాస్తోంది. తను కట్టిన గోడను తనే కూలగొట్టడానికి ఆ పిల్ల పడుతున్న తొందర చూసి యశోద కూడా గంప పక్కన పెట్టి దగ్గరికొచ్చి నిలబడింది. ఎడమవైపు చెట్టు దించుతూనే ఉంది. ఏరేవాళ్లు లేరు.

“అయిపోయింది. మూడో గుర్తుకు తిప్పండి,” అంది సాయిప్రియ, డబ్బా నుంచి తీగ ఊడదీస్తూ. “దీంట్లో ఏదీ అణచదు. చాలా గట్టిగా రావచ్చు. ఇబ్బందైతే చెయ్యెత్తండి, తగ్గిస్తాను.”

పుల్లమ్మ బండ ఎక్కింది. మర తిప్పింది.

అడివి ఆమె మీద పడింది. పళ్లు కరుచుకుంది పుల్లమ్మ. కీచురాళ్లు సూదుల్లా, గాలి బస్తాలు ఈడ్చినట్టు, భాస్కర్ ఊపిరి కొలిమితిత్తిలా ఉన్నాయి. కంట్లోంచి నీళ్లు కారాయి. కింద నుంచి సాయిప్రియ చేయి సగం పైకెత్తి, తగ్గించనా అన్నట్టు చూసింది.

“ఉంచు,” అంది పుల్లమ్మ.

అయిదు ఊపిర్లు అయిపోయాయి. ఆరోది. ఏడోది. తలుపు మూసుకోలేదు. ఎనిమిదో ఊపిరికి ఆమె పనిలో దిగింది. బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగింది. ఇది గాలి, ఇది టేకు మీది గాలి, ఇది వెదురు మీది గాలి. ఇది నీళ్లు. ఇది యశోద గాజు. ఎడమవైపు చెట్టు మీది నుంచి పడేది, తప్, తప్, వినే ఆకు మీద. అది యశోదకూ తెలిసిందే. దాన్నీ పక్కన పెట్టింది.

అప్పుడు అన్నిటి కింద నుంచి ఇంకొకటి వచ్చింది. ‘తప్’ కాదు అది. పువ్వు పడి, ఆకు మీంచి ఆకు మీదికి జారి, ఇంకా లోపలి ఆకులోకి దిగిపోతున్న గలగల. ఆగి, మళ్లీ గలగల. ఊడ్చిన చెట్టు కింద అట్లా వినబడదు. ఆరేళ్ల ఆకు పేరుకున్న చోటే అట్లా వినబడుతుంది. ఈ అడివిలో ఆరేళ్లుగా ఊడ్చని ఇప్పచెట్లు రెండే.

“వినపడుతోందా పుల్లమ్మగారూ? ఎలా ఉంది? ఏమైనా...”

పుల్లమ్మ అరచేయి ఎత్తింది. “మాట్లాడకు బిడ్డా.”

సాయిప్రియ నోరు అట్లాగే ఆగిపోయింది.

“దిగింది,” అంది పుల్లమ్మ.

యశోద చెవొగ్గింది. ఆమెకేమీ అందలేదు. “యాడ?”

“వాగవతల. మనది.”

పుల్లమ్మ గంప చంకన పెట్టుకొని బండ దిగింది. యశోద ఒక అడుగు ముందుకు వేయబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, దారిలోంచి పక్కకు జరిగింది. కింద భాస్కర్ అట్ట మీది కాగితం తిప్పి, గళ్లన్నీ అయిపోయిన చోట స్కేలు లేకుండానే పెన్నుతో ఒక గీత గీశాడు. “ఇంజనీరమ్మా, దీన్ని ఏమని రాయాలె?” అని గుసగుసగా అడిగాడు. సాయిప్రియ వేలు పెదవుల మీద పెట్టుకొని, ఊరుకోమన్నట్టు కళ్లతో చెప్పింది.

వాగులో నీళ్లు మోకాటి కిందికే ఉన్నాయి. దాటేముందు పుల్లమ్మ ఒడ్డున ఆగింది. అవతలి పొదల వైపు చెవి పెట్టి, మర్చిపోయిన అలవాటు మళ్లీ ఒంట్లోకి వచ్చినట్టు మెల్లగా తల తిప్పుతూ వింది. పువ్వు రాలుతోంది. బరువైన అడుగు లేదు, ఎలుగు గురక లేదు. వెనక్కి తిరగకుండానే చేయి ఊపి రమ్మని, నీళ్లలో దిగింది.

ఆమె ముందు ఎవరి మడమలూ లేవు. వెనక నీళ్లలో యశోద అడుగులు ఒక్కొక్కటే వినబడుతున్నాయి.